విరగలేదు, బిగుసుకుపోయింది



గత నెల ఈ పేజీలో మన ఇళ్ళల్లో మిగిలిన పాత ఇత్తడి సామాను గురించి రాశాను. అది చదివిన ఒక పెద్దమ్మగారు గుడిలో కనబడి, "మా ఇంట్లో ఇత్తడి లేదు గానీ మా మావగారి కెమేరా ఒకటుంది. నొక్కితే పలకదు. పారెయ్యమంటావా?" అని అడిగారు. "పారెయ్యకండమ్మా, ఒక నెల ఆగండి" అన్నాను. ఎందుకంటే సరిగ్గా అలాంటి కెమేరాయే అప్పటికి మా ఇంట్లో బల్ల మీద విప్పి ఉంది. ఈ నెల దాని సంగతి చెబుతాను.

మాది ఆగ్ఫా ఐసోలెట్. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో 1950లలో తయారైనది. మూసి ఉన్నప్పుడు చిన్న టిఫిను డబ్బాలా ఉంటుంది. మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, హార్మోనియం తిత్తిలాంటి నల్లటి తిత్తితో సహా కటకం బయటికి వస్తుంది. 120 రకం ఫిల్ము వెయ్యాలి. రీలుకు 12 ఫోటోలు.

అది మా నాన్న కొన్నది కాదు. మా తాతయ్య మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని విశాఖపట్నంలో ఓడెక్కి రంగూను వచ్చి బియ్యం మిల్లులో మూటలు మోసిన మనిషి. కెమేరా కొనే వంశం కాదు మాది. నాన్న దర్జీ. మా వీధిలోనే ఒక తెలుగాయనకి చిన్న ఫోటో స్టూడియో ఉండేదట. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం అయ్యాయి. అదే ఏడాది మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. ఆ రోజుల్లో మనవాళ్ళు వేలాదిమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. విలువైన వస్తువులేవీ వెంట తీసుకుపోనిచ్చేవారు కాదు. స్టూడియో ఆయన వెళ్ళేముందు రాత్రి మా ఇంటికొచ్చి, "నేను తిరిగొస్తే ఇద్దువుగాని, రాకపోతే నువ్వే వాడుకో" అని ఈ కెమేరా నాన్న చేతిలో పెట్టాడు. ఆయన తిరిగి రాలేదు. కానీ నాన్న మాత్రం జీవితాంతం దాన్ని పరాయి సొమ్ములాగే చూసుకున్నాడు. చీరముక్కలో చుట్టి బీరువా పైఅరలో పెట్టేవాడు. పండక్కో, పెళ్ళికో దించేవాడు.

ఇక 1983 సంగతి. అప్పుడు నాకు 12 ఏళ్ళు, అన్నయ్యకి 20. మామ్మకి ఒంట్లో బాగులేదు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఫోటో దిగాలని మామ్మే అడిగింది. ఎప్పుడూ ఫోటో తీసేది నాన్నే కాబట్టి ఏ ఫోటోలోనూ నాన్న ఉండడు. అన్నయ్యకి ఒక ఉపాయం తోచింది. కటకం పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపి నొక్కితే, మనం వెళ్ళి కూర్చునేదాకా పది సెకన్లు ఆగి కెమేరా తనంతట తానే ఫోటో తీస్తుంది. సెల్ఫ్ టైమర్ అంటారు. అన్నయ్య కెమేరాను స్టూలు మీద పెట్టి మీట జరిపి నొక్కి, పరుగెత్తుకొచ్చి మామ్మ వెనకాల నిలబడ్డాడు. కెమేరా జర్రుమని మొదలుపెట్టింది. మధ్యలో ఆగిపోయింది. మేమంతా కదలకుండా, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాం. టిక్కుమని మాత్రం అనలేదు.

నాన్న లేచి చూశాడు. మీట అటూ కదలదు, ఇటూ కదలదు. "ఇరగ్గొట్టేసినావు గదరా!" అన్నాడు. అన్నయ్య ఏమీ అనలేదు. తరువాత బాగుచేసేచోటికి తీసుకెళితే, అక్కడ విప్పకుండానే "లోపల ఏదో విరిగింది, సామాను దొరకదు" అనేశారు. ఆ వానాకాలంలోనే మామ్మ పోయింది. రిజిస్ట్రేషను కార్డు మీది తపాలా బిళ్ళంత ఫోటో తప్ప మామ్మ బొమ్మ మా ఇంట్లో లేదు. ఆ తరువాత ఎవరు మామ్మ మాట ఎత్తినా, చివరికి ఆ కెమేరా మాటా వచ్చేది. "ఆడు ఇరగ్గొట్టకపోయుంటే" అనే మాటా వచ్చేది. నాన్న 2006లో పోయాడు. అన్నయ్య చాలా ఏళ్ళుగా మౌల్మేనులో ఉంటున్నాడు. ఇంటికొచ్చినప్పుడు ఆ బీరువా వైపు చూసేవాడు కాడు.

ఈ మార్చిలో బడికి సెలవులివ్వగానే బీరువా సర్దుతుంటే చీరముక్క మూట చేతికొచ్చింది. పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. పాతికేళ్ళుగా "చూడకుండా నిర్ధారణకు రాకూడదు" అని బోర్డు మీద రాస్తున్నాను. మరి మా ఇంట్లో 40 ఏళ్ళుగా చూడకుండానే ఒక నిర్ధారణ నడుస్తోంది గదా అనిపించింది.

వెంటనే విప్పలేదు. మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఒక బర్మా పెద్దాయన ఉన్నారు. ఆయన నన్ను సయామ అంటారు, నేను ఆయన్ని ఊలే అంటాను. కెమేరా చూపిస్తే, "ఇది నా పని కాదు గానీ లోపల ఉండేది గడియారమే" అన్నారు. ఆ మాట నిజం. ఇలాంటి కెమేరాల్లో షట్టరు కటకం మధ్యలో ఉంటుంది. సన్నని ఉక్కు రేకులు కంటిరెప్పల్లా ఒకదాని మీద ఒకటి మూసుకుని ఉంటాయి. మనం నొక్కగానే స్ప్రింగు వాటిని తెరిచి మూస్తుంది. సెకనులో వందో వంతు లాంటి వేగాలకి స్ప్రింగు చాలు. ఒక సెకను, అర సెకను లాంటి నెమ్మది వేగాలకి మాత్రం గడియారంలో ఉన్నట్టే పళ్ళచక్రాల వరస ఒకటి పనిచేస్తుంది. సెల్ఫ్ టైమరుకి మరో వరస. మా కెమేరాలో ఉన్నది ప్రాంటర్ షట్టరు. దాన్ని చేసినవాళ్ళది జర్మనీలో గడియారాలకి పేరుపడ్డ బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతం. కాంపూర్ అని ఇంకో షట్టరు ఉంది. దాని పేరులోనే చివర గడియారం అనే జర్మను మాట కలిసి ఉంది.

ఊలే నాకు ఒక సన్నని స్క్రూడ్రైవరు, ఒక పటకారు అరువిచ్చి ఒకే జాగ్రత్త చెప్పారు: "బలం వాడాలనిపించిన చోట ఆగిపో."

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే నేను చేసిన వరస చెబుతాను. అన్ని కెమేరాలూ ఒకలా ఉండవు గానీ, పద్ధతి ఒకటే.

మొదట, నిజంగా షట్టరే ఇరుక్కుందా అని చూడాలి. చాలా కెమేరాల్లో ఫిల్ము ముందుకు తిప్పకపోతే పైనున్న బొత్తాము దిగదు. ఒకే ఫిల్ము మీద రెండు ఫోటోలు పడకుండా అలా చేశారు. అది చెడిపోవడం కాదు. అందుకని పై బొత్తాము వదిలేసి, కటకం పక్కనే ఉన్న అసలు మీటను వేలితో మెల్లగా నొక్కి చూడాలి. మాది అక్కడా కదల్లేదు. టైమరు మీట సగంలో నిలబడి ఉంది. అంటే షట్టరు స్ప్రింగు 1983 నుంచి బిగించే ఉందన్నమాట.

రెండోది, బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచాను. గుడ్లు అమ్మే అట్టపెట్టె తెచ్చి గుంటలకి 1, 2, 3 అని అంకెలు వేశాను. తీసిన ప్రతి ముక్కా తీసిన వరసలో ఆ గుంటల్లోకి వెళ్ళింది. ప్రతి అడుగుకీ ఫోనుతో ఫోటో తీశాను. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊరు కాబట్టి ఉదయం వెలుతురులో, కిటికీ పక్కనే పని.

మూడోది, దూరం సరిచేసే ముందు కటకం. దాని చుట్టూ ఉన్న రింగుకి మూడు బుల్లి స్క్రూలు ఉంటాయి. వాటిని వదులు చేస్తే చాలు, పూర్తిగా తియ్యక్కర్లేదు. రింగు ఎక్కడ నిలబడి ఉందో ముందే పెన్సిలు గీత పెట్టుకోవాలి. ఈ ఐసోలెట్లలో ఇక్కడ వేసిన ఆకుపచ్చటి గ్రీజు కాలం గడిచేకొద్దీ లక్కలా గట్టిపడుతుంది. మాది ఒక్క పిసరు తిరగలేదు. బలం వాడాలనిపించింది. ఆగిపోయాను. లైటర్లో పోసే పెట్రోలు తేయ్జీ బజారులో కొని, అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క అంచు వెంబడి పెట్టి రాత్రంతా వదిలేశాను. అలా నాలుగు రాత్రులు. ఐదో రోజు రబ్బరు గుడ్డతో పట్టుకుని తిప్పితే మెల్లగా కదిలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ పెట్రోలు ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి ఉంచండి. కరెంటు పోయిందని కొవ్వొత్తి వెలిగించి ఈ పని చెయ్యకండి. దగ్గర్లో దేవుడి దీపం కూడా ఉండకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

నాలుగోది, ముందు పళ్ళెం. తాళంలా పట్టుకునే ఒక రింగు తిప్పి దాన్ని పైకెత్తాలి. ఎత్తేముందు ఊపిరి బిగబట్టి ఫోటో తీసుకున్నాను, ఎందుకంటే కింద వెంట్రుకంత స్ప్రింగులు ఉంటాయి. పళ్ళెం తీశాక భూతద్దం పెట్టి చూశాను. ఒక్కొక్క చక్రం, ఒక్కొక్క పన్ను, ఒక్కొక్క స్ప్రింగు. రెండుసార్లు చూశాను. విరిగినది ఏదీ లేదు.

ఉన్నదల్లా గోధుమరంగు జిగురు. టైమరు చక్రాల సందుల్లో, మీట తిరిగే గాడిలో, బెల్లప్పాకం ఆరినట్టు అంటుకుని ఉంది. సన్నని కుంచెతో ఒక చుక్క పెట్రోలు టైమరు చక్రాల మీద పెట్టాను. ఏమీ కాలేదు. ఇంకో చుక్క పెట్టి కుంచె కడుక్కుంటున్నాను. అప్పుడు వినబడింది. జర్ర్... అని మొదలై, ఆగి, మళ్ళీ జర్రుమంటూ నాలుగైదు సెకన్లు నడిచి, టిక్!

బంధువులారా, ఆ రోజు మా మామ్మ ఎదురుగా మధ్యలో ఆగిపోయిన పది సెకన్లలో మిగిలినవి అవే. అన్నయ్య బిగించిన స్ప్రింగు తన పని అప్పుడు పూర్తిచేసింది. నేను కుంచె పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

తరువాత తెలిసినది ఇంకోటి ఉంది. అది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ జిగురు వాసన నాకు తెలుసు. అది కుట్టుమిషను నూనె. ప్రతి దీపావళికి నాన్న మిషను విప్పి, తుడిచి, పొడుగు ముక్కు డబ్బాతో నూనె పోసేవాడు. ఆ చేత్తోనే కెమేరాకీ ఒక చుక్క. పరాయి సొమ్ము కదా, బాగా చూసుకోవాలని. మిషనుకి నూనె ప్రాణం. షట్టరు అలా కాదు. దాని రేకులు ఎముకలా పొడిగా ఉండాలి. చక్రాల ఇరుసులకి సూదిమొనంత గడియారం నూనె చాలు, అదీ లేకపోయినా నడుస్తుంది. పోసిన నూనె దుమ్మునీ, మన ఊరి తేమనీ పట్టుకుని ఏళ్ళమీద జిగురైపోతుంది. అయితే న్యాయం చెప్పాలంటే, ఎవరూ నూనె పొయ్యని కెమేరాలు కూడా ఇలాగే బిగుసుకుంటాయి. వాటి లోపల తయారీలో వేసిన గ్రీజే గట్టిపడి అంత పనీ చేస్తుంది. ముఖ్యంగా అరుదుగా వాడే టైమరు మీద ఆ దెబ్బ ముందు పడుతుంది. ఎవరు నొక్కినా ఆ రోజు అది ఆగిపోయేదే.

ఆ సాయంత్రం మౌల్మేనుకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, కెమేరా విప్పాను. లోపల ఏమీ విరగలేదు. నూనె గట్టిపడి బిగుసుకుపోయింది, అంతే" అన్నాను.

అటువైపు చాలాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అయితే నేనిరగ్గొట్టనేదన్నమాట" అన్నాడు.

"లేదన్నయ్యా."

"నూనె ఎవరు పోసినారు?"

చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. మళ్ళీ కాసేపు మౌనం. తరువాత నవ్వాడు. "మిషనుకి పోసినట్టే పోసుంటాడు. ఆయనకి మరేటి తెలుసు పాపం. అమ్మ దగ్గర మాత్రం నాన్నని ఏటీ అనకు" అన్నాడు. నలభై ఏళ్ళు నింద మోసిన మనిషి అన్న మొదటి మాట అది.

మిగతా పని ఏప్రిల్లో తింజాన్ సెలవుల్లో ముగించాను. వానలు మొదలుకాక ముందే చెయ్యడం మంచిది, అంతా బాగా ఆరుతుంది. రేకుల మీద ఒక చుక్క పెట్టి, ఇరవై ముప్పై సార్లు కొట్టించి, అద్దుడు కాగితంతో తుడవాలి. ఆరాక మళ్ళీ చుక్క, మళ్ళీ కొట్టించడం. కరిగిన జిగురు రేకుల మీదికే వచ్చి చేరుతుంది కాబట్టి ఒకసారి చేసి అయిపోయిందనుకుంటే మర్నాటికి మళ్ళీ అంటుకుంటుంది. నాకు ఆరుసార్లు పట్టింది.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఫోను చాలు. నెమ్మది వీడియోలో సెకనుకి 240 బొమ్మలు తీసే ఫోను అయితే, ఒక సెకను వేగానికి షట్టరు 240 బొమ్మల్లో తెరిచి కనబడాలి. పదో వంతుకి 24. మాది ఒక సెకనుకి 290 వచ్చింది. అంటే 1.2 సెకన్లు. డెబ్భై ఏళ్ళ వస్తువుకి ఆమాత్రం బద్ధకం ఉండవచ్చు. పదో వంతుకి 26 వచ్చింది, చాలా బాగుంది. వందో వంతు దాటితే రెండు బొమ్మలే పడతాయి కాబట్టి ఈ లెక్క పనికిరాదు. మా తొమ్మిదో తరగతి పిల్లలకి ఇదే లెక్క ఇస్తాను.

కటకం తిరిగి బిగించేటప్పుడు, వెనక తలుపు తెరిచి ఫిల్ము ఉండే చోట పల్చటి నూనె కాగితం అంటించి, షట్టరును 'బి' మీద తెరిచి పట్టి, డాబా మీంచి ష్వేడగోన్ శిఖరం వైపు చూశాను. కాగితం మీద శిఖరం తలకిందులుగా పడుతుంది. అది పదునుగా కనబడ్డ చోటే దూరపు గుర్తు. అక్కడ మూడు స్క్రూలూ బిగించాను. తిత్తి మూలల్లో చిల్లులు పడటం ఈ కెమేరాలకి మామూలు. చీకటిగదిలో తిత్తి లోపల టార్చి వెలిగిస్తే నక్షత్రాల్లా కనబడ్డాయి. నల్ల టేపు ముక్కలతో మూశాను.

మే నెలలో అన్నయ్యా వదినా వచ్చారు. బాంకాకులో పనిచేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఫిల్ము రీలు పంపించాడు. అమ్మకి ఇప్పుడు 82. ఆనాడు మామ్మ కూర్చున్న కుర్చీలోనే అమ్మని కూర్చోబెట్టాం. అన్నయ్య కెమేరాను చేతిలోకి తీసుకుని, టైమరు మీట మీద వేలు పెట్టి, నా వైపు చూశాడు. "వద్దు, పాత కెమేరాల్లో అది ముట్టుకోకూడదు" అన్నాను. అందరం నవ్వాం. పక్కింటి అబ్బాయి నొక్కాడు. 12లో 9 బాగా వచ్చాయి. అన్నయ్య అమ్మ వెనకాల నిలబడి ఉన్నాడు. మామ్మ ఫోటో మాత్రం లేదు. అది ఇక రాదు. దానికి తప్పు ఎవరిదీ కాదని మాత్రం ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

గుడిలో నన్ను అడిగిన పెద్దమ్మగారికీ, మీకందరికీ నేను చెప్పేది ఇది. కెమేరాను తోలు సంచిలో పెట్టకండి, తేమ పట్టి కటకానికి బూజు వస్తుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. షట్టరు బిగించి వదిలెయ్యకండి. నెలకోసారి తీసి అన్ని వేగాల మీదా పదేసి సార్లు కొట్టించండి. నూనె పొయ్యకండి. దాచిపెట్టినదాని కంటే వాడినదే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఆదివారం మన గుడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి అఆలు దిద్దిస్తుంటే, తల్లిదండ్రులు వచ్చి "మావాడికి తెలుగు పోయిందండీ" అంటారు. నేనూ అదే అరుగు మీద, పన్నెండేళ్ళప్పుడు పెద్దబాలశిక్షతో మొదలుపెట్టినదాన్నే. ఇకమీదట వాళ్ళకి నేను చెప్పే జవాబు మీరు ఊహించే ఉంటారు. పోలేదండీ. ఇంట్లో రోజూ నాలుగు మాటలు ఆడించండి.

వచ్చే నెల కలుద్దాం. మీ ఇంట్లో పలకని కెమేరా ఉంటే ఆదివారం క్లాసుకి తీసుకురండి. విప్పి చూద్దాం. ఎవరు విరగ్గొట్టారో అది తరువాత.